గళ్ళ గుడ్డ మీద గడుసు మాట

క్రాస్‌స్టిచ్ అంటే గళ్ళు లెక్కపెట్టుకుంటూ వేసే కుట్టు. పడుగూ పేకా సమంగా ఉన్న గుడ్డ మీద ఒక్కో గడిలో రెండు ఏటవాలు కుట్లు ఒకదాని మీదొకటి పడితే ఒక ఇంటూ గుర్తు ఏర్పడుతుంది. అలాంటివి వందలో వేలో కలిసి అక్షరమో, పువ్వో, ఇల్లో అవుతాయి. పూలతీగ అంచు, మధ్యలో పొందికైన అక్షరాలు, అడుగున కుట్టినవారి పేరు, సంవత్సరం: ఇది పాతకాలపు నీతిపలకల పద్ధతి. ఈ పద్ధతిని అలాగే ఉంచి, నీతివాక్యం ఉండే చోట ఒక కొంటె మాటనో, ఆఫీసు విసుగునో, వీడియో గేమ్ బొమ్మనో పెట్టే పని గత రెండు దశాబ్దాల్లో అమెరికా, ఇంగ్లండుల్లో ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది. దీన్ని చిలిపి కాలక్షేపంగా కొట్టిపారేసేవారున్నారు, పాత కళకు పట్టిన చీడగా చూసేవారూ ఉన్నారు. చరిత్రను దగ్గరగా చూస్తే రెండు అభిప్రాయాలూ నిలవవు. ఇక్కడ నవ్వు పుట్టించేది మాట ఒక్కటే కాదు, దాన్ని మోసే రూపానికున్న గాంభీర్యం కూడా. ఆ గాంభీర్యాన్ని నిలబెట్టేది కుట్టులోని క్రమశిక్షణ. అందువల్ల కుట్టు ఎంత నిక్కచ్చిగా ఉంటే నవ్వు అంత బాగా పండుతుంది. కొత్తగా సూది పట్టినవారు ఏం ఎంచుకోవాలి, చేయి తిరిగినవారు ఎంతదాకా వెళ్ళవచ్చు అన్న ప్రశ్నలకు జవాబు కూడా ఈ సూత్రంలోనే దొరుకుతుంది.

ఆ గాంభీర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే సాంప్లర్ దగ్గరకు వెళ్ళాలి. సాంప్లర్ మొదట్లో ఒక నమూనా గుడ్డ. అచ్చు పుస్తకాలు అరుదుగా ఉన్న కాలంలో కుట్టుపనివారు తమకు నచ్చిన కుట్టునూ అంచునూ ఒక గుడ్డముక్క మీద వేసి దాచుకునేవారు. తేదీ ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో మనకు తెలిసినంతలో అతి పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టినది. అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో అక్షరమాల ఉంది, జంతువుల బొమ్మలున్నాయి, 1596 నవంబరులో ఆలిస్ లీ అనే పాప పుట్టిన కబురు ఉంది. ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో ఈ నమూనా గుడ్డ మెల్లగా ఆడపిల్లల పాఠంగా మారింది. కారణం ఇంటి అవసరమే. పెద్ద ఇళ్ళలో ఉతుకుకు వెళ్ళిన దుప్పట్లు, రుమాళ్ళు తిరిగి వచ్చాక ఏవి ఎవరివో తెలియడానికి వాటి మూలన పొడి అక్షరాలు, అంకెలు క్రాస్‌స్టిచ్‌తో వేసేవారు. అందుకే పిల్లలు ముందు అక్షరాలు కుట్టడం నేర్చుకునేవారు. అది వచ్చాక నీతిపద్యం. ఐజాక్ వాట్స్ 1715లో పిల్లల కోసం వెలువరించిన భక్తిగీతాల పాదాలు ఎన్నో సాంప్లర్లకెక్కాయి. వినయంగా ఉండాలి, పెద్దలకు లోబడాలి, కాలాన్ని వృథా చేయకూడదు, చావు ఏ క్షణాన్నైనా రావచ్చు. ఎనిమిది పదేళ్ళ పిల్లలు నెలల తరబడి గడి వెంట గడిగా కుట్టినది ఈ మాటలనే. చేతికి పనితనం, మనసుకు అణకువ ఒకే సూదితో నేర్పాలన్నది ఆనాటి పెద్దల ఉద్దేశం.

అయితే పిల్లలందరూ అప్పజెప్పిన మాటనే కుట్టి ఊరుకోలేదు. ఎథెల్ స్టాన్‌వుడ్ బోల్టన్, ఈవా జాన్‌స్టన్ కో కలిసి 1921లో ప్రచురించిన అమెరికన్ సాంప్లర్ల గ్రంథంలో ప్యాటీ పోక్ అనే పదేళ్ళ పిల్ల పని నమోదై ఉంది. అది సుమారు 1800 నాటిది. ఇది తానే చేశానని, ఇందులో వేసిన ప్రతి కుట్టూ తనకు అసహ్యమేనని, తనకు చదువుకోవడమే ఎక్కువ ఇష్టమని ఆ పిల్ల అదే గుడ్డ మీద అదే సూదితో చెప్పింది. ఈనాటి హాస్యపు క్రాస్‌స్టిచ్‌లో ఉన్న కిటుకంతా ఆ వాక్యంలో అప్పటికే ఉంది. పని పట్ల విసుగును చెప్పడానికి ఆ పనినే వాడింది, విసుగును కూడా పొందికగానే కుట్టింది. ఇంతకంటే బరువైన సాక్ష్యం ఎలిజబెత్ పార్కర్‌ది. సుమారు 1830లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతానికి చెందిన ఆ యువతి ఎర్రదారంతో గుడ్డ మీద తన కథ మొత్తం కుట్టింది. పనిపిల్లగా ఉన్న ఇళ్ళలో పడ్డ హింస, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన, దేవుడికి మొర, అన్నీ అందులో ఉన్నాయి. పూలు లేవు, అంచు లేదు, వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. అది నవ్వించే పని కాదు. కానీ సాంప్లర్ అనేది నోరు లేని వస్తువని, దాని చేత మాట్లాడించడం ఇప్పటివారి కొత్త పోకడ అని అనేవారికి ఆ ఎర్ర అక్షరాలు గట్టి సమాధానం.

రూపం ఎంత అమాయకంగా కనిపిస్తే అంత పదునైన మాటను మోయగలదనడానికి ఇరవయ్యో శతాబ్దంలో ఒక ఉదాహరణ ఉంది. బ్రిటిష్ సైన్యంలో మేజర్‌గా పనిచేసిన అలెక్సిస్ కస్దాగ్లీ 1941లో క్రీట్ ద్వీపంలో జర్మన్లకు పట్టుబడ్డాడు. యుద్ధఖైదీల శిబిరంలో తోటి ఖైదీ ఒకరు ఇచ్చిన క్యాన్వాస్ ముక్క మీద, చిరిగిపోతున్న స్వెటరు నుంచి లాగిన ఎర్ర, నీలి పోగులతో కాలం గడపడానికి కుట్టడం మొదలుపెట్టాడు. 1941 డిసెంబరు తేదీ వేసిన ఆ పనిలో తన పేరు, శిబిరం పేరు, దేశాల చిహ్నాలు పద్ధతిగా ఉన్నాయి. చుట్టూ చుక్కలు, గీతలతో అంచు ఉంది. చూసేవారికి అది మామూలు అలంకారం. నిజానికి అది మోర్స్ సంకేతం. ఒక వరసలో తమ రాజును దేవుడు కాపాడాలన్న ప్రార్థన, ఇంకో వరసలో హిట్లర్‌ను ఉద్దేశించిన పచ్చి బూతు. కాపలాదారులు ఆ పనిని మెచ్చుకుని శిబిరాల్లో ప్రదర్శనకు కూడా పెట్టారు. ఆ గుడ్డను ఎవరూ ఎందుకు అనుమానించలేదో ఆలోచిస్తే ఈ కళ బలం ఎక్కడుందో తెలుస్తుంది. అంచులు నేరుగా ఉన్నాయి, కుట్లు సమంగా ఉన్నాయి, మొత్తం మీద అది ఓపికగల మనిషి చేసిన నిరపాయమైన పనిలా ఉంది. అదే మాట గోడ మీద బొగ్గుతో రాసి ఉంటే మరుసటి నిమిషం దాకా కూడా నిలిచేది కాదు. దొంగచాటు బూతుకు రక్షణ ఇచ్చింది ఆ కుట్టులోని శుభ్రత. పనితనం అలసత్వంగా ఉంటే అంచులోని చుక్కలు, గీతలు తప్పులుగా కనపడేవి, సంకేతం కూడా చదవడానికి వీలయ్యేది కాదు.

గోడకు వేలాడే సూక్తిపలక మాత్రం సాంప్లర్ తర్వాతి పరిణామం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్ ప్రచురణకర్తలు గళ్ళ కాగితం మీద చేత్తో రంగులద్దిన నమూనాలు అమ్మడం మొదలుపెట్టారు. దాంతో బొమ్మ గీయడం రానివారికీ కుట్టుపని అందుబాటులోకి వచ్చింది. ఈనాటి ప్రతి క్రాస్‌స్టిచ్ చార్టుకూ మూలం అదే. 1870, 80 దశకాల్లో అమెరికాలో వరసగా రంధ్రాలు వేసిన అట్టలు విరివిగా అమ్ముడయ్యాయి. ఇంటిని దేవుడు దీవించాలని, ఇల్లే స్వర్గమని చెప్పే వాక్యాలను వాటి మీద ఊలుతో కుట్టి చట్రం కట్టించి గుమ్మం మీద పెట్టేవారు. అల్సాస్‌లోని మల్హౌస్ పట్టణంలో 1746లో పుట్టిన డీఎంసీ కంపెనీ రంగుదారాలు, ఆ కంపెనీతో కలిసి పనిచేసిన తెరేజ్ ద దిల్మాంట్ 1886లో వెలువరించిన కుట్టుపని విజ్ఞానకోశం ఈ కళను దేశాలు దాటించాయి. ఆ తర్వాత కిట్ల యుగం వచ్చింది. గుడ్డ, దారం, సూది, చార్టు ఒకే సంచిలో దొరికేవి. బొమ్మ కంపెనీది, మాట కంపెనీది, కుట్టేవారికి మిగిలింది ఓపిక ఒక్కటే. హాస్యపు క్రాస్‌స్టిచ్ తిరగబడింది ఈ పరిస్థితి మీదనే.

2003లో టెక్సస్ రాష్ట్రం డాలస్‌కు చెందిన జూలీ జాక్సన్ పూల అంచుల మధ్య దురుసు మాటలు కుట్టి, వాటి కిట్లను ‘సబ్‌వర్సివ్ క్రాస్ స్టిచ్’ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. ఉద్యోగంలో పడ్డ చికాకును తీర్చుకునే దారిగా మొదలైన ఆ పని 2006లో పుస్తకమైంది. ఆ పేరు ఇంకో పుస్తకాన్ని గుర్తుకు తెస్తుంది. కళాచరిత్రకారిణి రోజికా పార్కర్ 1984లో ‘ది సబ్‌వర్సివ్ స్టిచ్’ అనే గ్రంథం రాసింది. కుట్టుపని ఆడవారికి అణకువ నేర్పే సాధనం మాత్రమే కాదు, ఆ అణకువను ఎదిరించే సాధనం కూడా అయిందని ఆమె ఆధారాలతో చూపింది. 2003 ప్రాంతంలోనే బెట్సీ గ్రీర్ చేతిపనిని సామాజిక ఉద్యమంతో కలిపి ‘క్రాఫ్టివిజం’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది. ఇంగ్లండులో జేమీ చామర్స్ ‘మిస్టర్ ఎక్స్ స్టిచ్’ పేరుతో మగవాళ్ళను కూడా ఈ పనిలోకి ఆహ్వానించాడు. 2005లో మొదలైన ఎట్సీ అంగడి వల్ల చార్టులు రాసేవారు నేరుగా కుట్టేవారికే అమ్ముకోగలిగారు. 2018లో హేలీ పియర్సన్-కాక్స్, 2019లో స్టెఫనీ రోర్ రాసిన చార్టు పుస్తకాలు వచ్చేసరికి ఇది పుస్తకాల షాపుల్లో తనకంటూ ఒక అర సంపాదించుకున్న విషయమైంది.

ఇక్కడ ఒక అభ్యంతరం బలంగా వినిపిస్తుంది. అమ్మమ్మలు, నానమ్మలు కళ్ళు పోగొట్టుకుని నేర్చిన పనిని ఎగతాళి చేయడం కాదా ఇది? ఎగతాళి పడుతున్నది ఎవరి మీద అని అడిగితే జవాబు స్పష్టమవుతుంది. సాంప్లర్ మీది వినయపద్యాన్ని కుట్టింది పిల్ల, ఎంచింది మాత్రం ఆమె కాదు. నవ్వు తగిలేది ఆ వాక్యాన్ని చేతిలో పెట్టినవారికి, సూది పట్టినవారికి కాదు. ప్యాటీ పోక్ పనిని పక్కన పెట్టుకుని చూస్తే ఇప్పటి కొంటె పలకలు ఆ పిల్ల మొదలుపెట్టిన సంభాషణకు కొనసాగింపులా కనిపిస్తాయి. అయితే ఈ సమర్థనకు ఒక షరతు ఉంది. కుట్టును చులకనగా, చిందరవందరగా వేసి, పాత పని ఇంతేనని చూపే పలకలు కూడా మార్కెట్లో ఉన్నాయి. అవి నిజంగానే ఆ స్త్రీల పనిని అవమానిస్తున్నాయి, పైగా నవ్వించడం లేదు. ఎందుకంటే వాటిలో భంగపడవలసిన గాంభీర్యమే లేదు. శుభలేఖ అచ్చంగా శుభలేఖలాగే ఉండి, పసుపు రాసిన మూలలతో, పెద్దల పేర్లతో వచ్చి, చివర్లో ‘భోజనాలు ఎలాగూ ఆలస్యమే, తొందరపడి రావద్దు’ అని ఉంటే నవ్వొస్తుంది. అదే మాట చిత్తుకాగితం మీద ఉంటే అది కబురు మాత్రమే.

మాటలతో సంబంధం లేని ఇంకో కొమ్మ ఉంది, అది బొమ్మలది. కంప్యూటర్ తెర మీద చిత్రం చుక్కలుగా విడిపోతుంది, క్రాస్‌స్టిచ్‌లో గళ్ళుగా విడిపోతుంది. ఈ రెంటి బంధుత్వం ఊహ కాదు. 1984లో వచ్చిన మాకింటాష్ కంప్యూటర్ గుర్తులను గీసిన సుసాన్ కేర్ గళ్ళ కాగితం మీద 32 అడ్డం, 32 నిలువు చుక్కల్లో పనిచేసింది. చుక్కల చిత్రకళకు కుట్టుపని, మొజాయిక్‌లతో ఉన్న పోలిక గురించి ఆమె స్వయంగా మాట్లాడింది. నవ్వుమొహం పెట్టిన కంప్యూటరు, యంత్రం మొరాయించినప్పుడు కనిపించే బాంబు ఆమె గీతలే. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో పీతలా కదిలే శత్రువు 11 గళ్ళ వెడల్పు, 8 గళ్ళ ఎత్తు ఉంటుంది. నిండిన గళ్ళు లెక్కపెడితే 46. అంటే 46 కుట్లతో, ఒకే రంగు దారంతో, అంగుళం కూడా లేని చోట ఒక తరం పిల్లలు అదిలించిన శత్రువు తయారవుతాడు. పూలతీగ మధ్య, నీతివాక్యం ఉండాల్సిన చోట ఆ పీత వరసగా కవాతు చేస్తే దాని హాస్యం కొంటె మాటల హాస్యం కంటే మెత్తగా ఉంటుంది. ఎవరినీ నొప్పించదు. క్షణాల్లో మాయమయ్యే తెర మీది బొమ్మ గంటల తరబడి కుట్టిన వస్తువుగా నిలవడమే అక్కడ చమత్కారం. మొదటిసారి కుట్టేవారికి నేను ముందు సూచించేది ఈ కొమ్మనే. ఇందులో అక్షరాల తంటా లేదు, గీతలన్నీ గళ్ళకు సరిగ్గా సరిపోతాయి.

కొత్తవారికి సామాను తక్కువే. 14 కౌంట్ ఐడా గుడ్డ, అంటే అంగుళానికి 14 గళ్ళు స్పష్టంగా కనిపించే తెల్లటి గుడ్డ, మొన మొద్దుగా ఉన్న 24 నంబరు టేపెస్ట్రీ సూది, ఆరు పోగుల నూలుదారం, గుండ్రటి ఎంబ్రాయిడరీ ఫ్రేము. మన ఊళ్ళలో యాంకర్ దారం దాదాపు ప్రతి ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతుంది. ఐడా దొరక్కపోతే మ్యాటీ గుడ్డ వాడవచ్చు. కానీ ముందు అడ్డంగా పది గళ్ళు, నిలువుగా పది గళ్ళు లెక్కపెట్టి కొలిచి చూడాలి. రెండు కొలతలూ సమంగా లేకపోతే గుండ్రటి మొహం కోడిగుడ్డు అవుతుంది. ఆరు పోగుల్లోంచి రెండు విడదీసి కుట్టాలి. ఎనిమిది మీటర్ల లచ్చి నుంచి 14 కౌంట్ మీద వృథా పోగా కూడా 1500కు పైగా కుట్లు వస్తాయి, కాబట్టి చిన్న పలకకు రంగుకో లచ్చి చాలు. 70 గళ్ళ వెడల్పు, 84 గళ్ళ ఎత్తు పెట్టుకుంటే పలక ఐదంగుళాలు, ఆరంగుళాలు అవుతుంది. చట్రానికి మడవడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి. ఇంగ్లీషు పెద్దక్షరం ఐదు గళ్ళ వెడల్పు, ఏడు గళ్ళ ఎత్తులో చక్కగా కూర్చుంటుంది. అక్షరాల మధ్య ఒక గడి వదిలితే ఈ పలకలో వరసకు పదకొండు అక్షరాలు పడతాయి. అందుకే మొదటి పలక మాట నాలుగైదు చిన్న పదాలు దాటకూడదు. గుడ్డను మడిచి మధ్యగడి గుర్తుపెట్టుకుని, అక్కడినుంచి బయటికి కుట్టుకుంటూ పోవాలి. వెనుక ముడి వేయకూడదు, కొసను నాలుగైదు కుట్ల కింద దూర్చాలి. అన్నిటికంటే ముఖ్యం, పైన పడే ఏటవాలు కుట్టు పలక మొత్తం మీద ఒకే దిశకు వాలాలి. కొన్ని ఇటు, కొన్ని అటు వాలితే వెలుగు ఒక్కోచోట ఒక్కో తీరుగా పడి మచ్చలు కనిపిస్తాయి. చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో అపశ్రుతి తెలుస్తుంది, నవ్వు అక్కడే సన్నగిల్లుతుంది.

రెండో అభ్యంతరం కాలం గురించి. గంటకు వంద, నూటయాభై కుట్లు వేసే చేతికి వెయ్యి కుట్ల పలక ఏడు నుంచి పది గంటల పని. ఒక జోకు కోసం అంత కాలమా? పైగా జోకు పాతబడుతుంది, దారం పాతబడదు. ఇందులో నిజం ఉందని ఒప్పుకోవాలి. బూతు మాట ఒక్కదాని మీదే ఆధారపడిన పలకలు మొదట్లో ఇచ్చిన ఉలికిపాటును ఇప్పుడివ్వలేకపోతున్నాయి. పూలమధ్య తిట్టు ఉంటుందని చూసేవారికి ముందే తెలిసిపోయింది. వారానికోసారి మారే సినిమా డైలాగును, ఎన్నికల నినాదాన్ని కుట్టినవారు మరుసటి ఏడాదికి దాన్ని అటకెక్కిస్తున్నారు. కానీ దీని నుంచి తేలేది హాస్యం క్రాస్‌స్టిచ్‌కు తగదని కాదు, దీనికి నిదానించిన హాస్యం కావాలని. పది గంటలు ఒకే వాక్యం కళ్ళముందు ఉంచుకున్నాక కూడా అది నచ్చితేనే గోడకెక్కించే అర్హత దానికుంది. ఇంత కఠినమైన వడపోత నాలుగు క్షణాల్లో చేరవేసే చమత్కారాలకు లేదు. ఇంటిపని ఎప్పటికీ తెమలకపోవడం, చుట్టాల రాక, నిద్రలేవగానే కాఫీ కోసం తపన వంటి వస్తువులు వందేళ్ళ కిందటా నవ్వించాయి, ఇంకా నవ్విస్తాయి. ఆ శ్రమ కనిపించడం కూడా హాస్యంలో భాగమే. తలుపు మీద కాగితం అంటించి కోపగించుకున్న మనిషికీ, అదే కోపాన్ని వెయ్యి కుట్లలో, మూలమూలకు గులాబీలతో సహా చెప్పిన మనిషికీ మధ్య తేడాను చూసినవారు వెంటనే పట్టుకుంటారు.

చేయి తిరిగినవారి ముందున్న దారి వేరు. వారు మాటను పెంచడం కంటే రూపాన్ని లోతుగా అనుకరించడం మేలు. అన్నిటికంటే ఫలవంతమైనది పాత సాంప్లర్‌లా భ్రమింపజేసే సాంప్లర్. 28 లేదా 32 కౌంట్ నారగుడ్డ మీద రెండేసి పోగుల మీదుగా ఒక్కో కుట్టు వేయాలి. అప్పుడు అది 14 లేదా 16 కౌంట్ పరిమాణానికి వస్తుంది, కానీ నేత పాతకాలపు బట్టలా కనిపిస్తుంది. రంగులు వెలిసిన ఇటుక ఎరుపు, నాచు పచ్చ, గోధుమ ఛాయల్లో ఎంచుకోవాలి. పాత అక్షరమాలల్లో ఇంగ్లీషు జే, యూ అక్షరాలు తరచు విడిగా ఉండేవి కావు, ఆ లోపాన్ని కూడా యథాతథంగా ఉంచాలి. ఆదాము, హవ్వ, వారి మధ్య పండ్ల చెట్టు సాంప్లర్లలో తరచు కనిపించే బొమ్మ. ఆ చెట్టుకు పండ్లకు బదులు మొబైల్ ఫోన్లు వేలాడదీస్తే దూరం నుంచి చూసేవారికి పురావస్తువు, దగ్గరికి వచ్చినవారికి ఈనాటి కథ. దూరానికీ దగ్గరికీ మధ్య ఈ మార్పు సాధించాలంటే చిన్న అక్షరాలను ఒక్కో పోగు మీద వేయగలగాలి, పావు కుట్లతో వంపులు తిప్పగలగాలి, సూదిలో రెండు ఛాయల పోగులు కలిపి నీడ తేగలగాలి. కస్దాగ్లీ చూపిన దారి కూడా నిపుణులకే తగినది. అంచునే సంకేతంగా మార్చి, మధ్యలో మర్యాదైన వాక్యం ఉంచి, అసలు మాటను చుక్కల్లో దాచడం. చుక్కకు ఒక కుట్టు, గీతకు మూడు కుట్లు, అక్షరాల మధ్య మూడు గళ్ళ ఖాళీ అనే పద్ధతి పెట్టుకుంటే అంచు మూలల దగ్గర సరిగ్గా కలిసేలా ముందే లెక్క కట్టాలి. ఎర్ర, నలుపు దారాలు రంగు దిగుతాయేమో చిన్న ముక్క మీద తడిపి చూశాకే తెల్లగుడ్డ మీద వాడాలి. సినిమా, ఆటల పాత్రల బొమ్మలు సొంతానికి కుట్టుకోవడం వేరు, చార్టుగా అమ్మడం వేరు. అమ్మేవారు హక్కుదారుల అనుమతి చూసుకోవాలి.

తెలుగులో ఈ పని చేయాలనుకుంటే దేన్ని అనుకరించాలన్నది మొదటి ప్రశ్న. తెలంగాణ, ఆంధ్ర తండాల్లోని లంబాడీ కుట్టులో క్రాస్‌స్టిచ్ ఉంది, కానీ అది ఒక సమాజపు వేషం, గుర్తింపు. దాన్ని హాస్యానికి చట్రంగా వాడడం బయటివారికి తగదు. మనకు సరిపోయే గంభీరమైన రూపం ఇంటి గుమ్మం మీది ‘సుస్వాగతం’ పలక. ఎదురెదురుగా రెండు చిలకలు, పైన మామిడాకుల తోరణం, మధ్యలో ఆ ఒక్క మాట. ఊలుతోనో పూసలతోనో చేసిన అలాంటి పలకలు తెలుగిళ్ళలో చాలామంది చూసినవే. చిలకలను, తోరణాన్ని ముట్టుకోకుండా, ‘సుస్వాగతం’ కింద రెండు వరసల్లో ‘ఫోన్ చేసి వస్తే / కాఫీ కూడా’ అని చేర్చితే చుట్టాలను నొప్పించకుండా నవ్వించవచ్చు. చిక్కంతా అక్షరాలతోనే. గళ్ళ మీద గుండ్రటి లిపి కూర్చోబెట్టడం కష్టం. కనీసపు సున్న రావాలంటే నాలుగు గళ్ళ చదరంలో మూలలు తీసేయాలి. ర కడుపులో చుక్క పెడితే ఠ అవుతుంది, ఆ చుక్క చుట్టూ ఖాళీ గడి మిగలాలంటే అక్షరం లోపలే మూడు గళ్ళ చోటు కావాలి. పైన తలకట్టుకు, గుడికి మూడు నాలుగు గళ్ళు, కింద ఒత్తుకు ఐదారు గళ్ళు కలుపుకుంటే తెలుగు వరస ఎత్తు పదహారు, పద్దెనిమిది గళ్ళకు చేరుతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఏడు చాలు. అక్షరానికి సగటున పన్నెండు గళ్ళ వెడల్పు అనుకుంటే ‘ఫోన్ చేసి వస్తే’ అన్న వరసకు ఖాళీలతో కలిపి 80 గళ్ళు కావాలి. కాబట్టి 14 కౌంట్ మీద ఈ పలకను 112 గళ్ళ వెడల్పు, 140 గళ్ళ ఎత్తుకు, అంటే ఎనిమిది, పది అంగుళాలకు వేసుకోవాలి. తలకట్లను ఇంటూ కుట్లతో కాక రెండు ఏటవాలు బ్యాక్‌స్టిచ్ గీతలతో వేస్తే చోటు కలిసివస్తుంది, అక్షరం కూడా చేతిరాతకు దగ్గరగా ఉంటుంది. ‘స్వా’, ‘స్తే’ల ఒత్తులు కింది వరస తలకట్లకు తగలకుండా ముందు గళ్ళ కాగితం మీద పెన్సిలుతో మొత్తం నింపి చూసుకోవాలి. ఎడమ చిలకను పూర్తిచేశాక చార్టును అద్దంలోలా తిప్పి కుడి చిలకను వేయాలి, కానీ పై కుట్టు వాలే దిశను మాత్రం తిప్పకూడదు.